అలారం బాక్స్ ఫోన్ చేస్తే ఎత్తేదెవరు? లైన్ కార్డ్‌లో కాల్ ప్రొఫైల్ సెట్టింగ్స్ ఎలా పనిచేస్తాయంటే

అమెరికాలో ఉన్న మీ అక్కావాళ్ల ఇంటి ముందు గడ్డిలో ఓ చిన్న బోర్డు గుచ్చి ఉండటం వీడియో కాల్‌లో ఎప్పుడైనా చూశారా? ఈ ఇల్లు ఫలానా అలారం కంపెనీ నిఘాలో ఉంది అని దాని అర్థం. కొత్త ఇళ్లలో అది వైఫై మీదో ఎల్‌టీఈ మీదో నడుస్తుంది. కానీ పాత షాపులు, గోడౌన్లు, చర్చిలు, లిఫ్ట్ ఉన్న పాత బిల్డింగులు చూస్తే, గోడకున్న అలారం పానెల్ ఇంకా మామూలు ల్యాండ్‌లైన్ మీదే కాల్ కొడుతుంది. ఎవరికి? ఎక్కడో వందల మైళ్ల దూరంలో ఉన్న సెంట్రల్ స్టేషన్‌లో, ర్యాక్‌లో కూర్చున్న ఒక రిసీవర్‌కి.

ఈ సైట్‌లో మనం ఎక్కువగా మాట్లాడుకునేది ఫోన్ల గురించే కదా. ఇదీ ఒక రకంగా ఫోనే. స్క్రీన్ లేదు, కెమెరా లేదు, పని మాత్రం ఒకటే: కాల్ ఎత్తడం, అవతలి మెషీన్ ఏ భాషలో మాట్లాడుతుందో కనిపెట్టడం, విన్నది రాసుకోవడం, ‘సరే, విన్నాను’ అని చెప్పి పెట్టేయడం. మన ఫోన్‌లో అమ్మకి ఒక రింగ్‌టోన్, ఆఫీస్‌కి ఒక రింగ్‌టోన్, స్పామ్‌కి బ్లాక్ పెట్టుకున్నట్టే, ఈ రిసీవర్ లైన్ కార్డ్‌లో ఒక్కో రకం కాల్‌కి ఒక్కో ‘ప్రొఫైల్’ ఉంటుంది. అందులో ఒక సెట్టింగ్ తేడా వస్తే మిస్ అయ్యేది ఫోన్ కాల్ కాదు, ఫైర్ అలారం. అందుకే ఈ టాపిక్ నాకు ఇంట్రస్టింగ్‌గా అనిపించింది.

ముందు కాల్‌లో ఏం జరుగుతుందో చూద్దాం

సుర్‌గార్డ్ సిస్టమ్ త్రీ, బాష్ డీ6600 లాంటివి ఈ ఫీల్డ్‌లో బాగా తెలిసిన రిసీవర్లు. ర్యాక్‌లో ఒక మెయిన్ ప్రాసెసర్ కార్డ్, పక్కన వరసగా లైన్ కార్డ్‌లు. డీ6600లో అయితే ఒక్కో లైన్ కార్డ్‌కి నాలుగు ఫోన్ లైన్లు, మొత్తం 32 లైన్ల వరకు పెట్టొచ్చు. ఒక్కో కార్డ్‌లో సొంత సిగ్నల్ ప్రాసెసర్ ఉంటుంది, కాబట్టి కాల్ ఎత్తి డీకోడ్ చేసే పనంతా కార్డ్ మీదే అయిపోతుంది.

కాల్ ఎత్తగానే ముందు మాట్లాడేది పానెల్ కాదు, రిసీవర్. ‘హలో’ బదులు ఒక టోన్ వినిపిస్తుంది. దాన్నే హ్యాండ్‌షేక్ అంటారు. పానెల్‌కి తన భాష హలో వినిపిస్తేనే నోరు విప్పుతుంది, లేకపోతే మౌనంగా ఎదురుచూస్తుంది. చిక్కంతా ఇక్కడే. భాషలు చాలా ఉన్నాయి, హలోలు కూడా చాలా ఉన్నాయి.

ఎక్కువగా వాడేది కాంటాక్ట్ ఐడీ. దీని హలో: 1400 హెర్ట్జ్ టోన్ 100 మిల్లీసెకన్లు, 100 మిల్లీసెకన్లు నిశ్శబ్దం, తర్వాత 2300 హెర్ట్జ్ టోన్ 100 మిల్లీసెకన్లు. అది వినగానే పానెల్ 16 అంకెలు కీప్యాడ్ టోన్లలో పంపిస్తుంది. కస్టమర్ కేర్‌కి కాల్ చేసినప్పుడు ‘తెలుగు కోసం రెండు నొక్కండి’ అంటే మనం నొక్కే టోన్లే ఇవి. కాకపోతే ఇక్కడ ఒక్కో అంకె 50 మిల్లీసెకన్లు మోగి, 50 మిల్లీసెకన్లు ఆగుతుంది. అంటే 16 అంకెలు 1.6 సెకన్లలో అయిపోతాయి. మనిషి చేత్తో అంత స్పీడ్‌గా నొక్కలేడు.

ఒక మెసేజ్ ఇలా ఉంటుంది అనుకోండి: 4321 18 1 110 01 003 9. మొదటి నాలుగు అంకెలు కస్టమర్ అకౌంట్ నంబర్. 18 అంటే ఇది కాంటాక్ట్ ఐడీ మెసేజ్ అని గుర్తు. తర్వాతి 1 అంటే కొత్త సంఘటన, అదే 3 అయితే మళ్లీ మామూలు స్థితికి వచ్చిందని. 110 అంటే ఫైర్. 01 పార్టిషన్, 003 జోన్. చివరి 9 చెక్‌సమ్. అంకెలన్నీ కూడాలి, సున్నాని మాత్రం 10గా లెక్కేయాలి, మొత్తం 15తో భాగిస్తే శేషం రాకూడదు. పైన ఉన్నదాన్ని కూడి చూడండి: చెక్‌సమ్ లేకుండా 66, దానికి 9 కలిపితే 75. కరెక్ట్.

లెక్క కుదిరితే రిసీవర్ మళ్లీ 1400 హెర్ట్జ్ టోన్ ఇస్తుంది, ఈసారి 750 నుంచి 1000 మిల్లీసెకన్ల పాటు. దీని పేరు కిస్‌ఆఫ్. పేరు చూసి నవ్వొచ్చు కానీ మొత్తం సిస్టమ్‌లో దీనంత ముఖ్యమైన సౌండ్ లేదు. ఇది వినగానే పానెల్ ‘నా పని అయిపోయింది’ అనుకుని ఆ సంఘటనని క్యూలోంచి తీసేస్తుంది. 1.25 సెకన్లలో కిస్‌ఆఫ్ రాకపోతే అదే మెసేజ్ మళ్లీ పంపుతుంది. అలా మొత్తం నాలుగుసార్లు ప్రయత్నించి, కాల్ కట్ చేసి మళ్లీ డయల్ చేస్తుంది.

కాంటాక్ట్ ఐడీ కాకుండా ఎస్‌ఐఏ ఫార్మాట్ ఉంది, అది పాత డయలప్ మోడెమ్ తరహాలో 110 లేదా 300 బాడ్‌తో మాట్లాడుతుంది. దాని హలో 2225 హెర్ట్జ్. ఇంకా పాతవి పల్స్ ఫార్మాట్లు. వాటికి 1400 గానీ 2300 గానీ ఒక్క టోన్ చాలు. మీరు గమనించారో లేదో, 1400 హెర్ట్జ్ ఒకచోట హలో, ఇంకోచోట హలోలో సగం, మరోచోట బై! ఎంతసేపు మోగింది, దేని తర్వాత మోగింది అన్నదే తేడా. హ్యాండ్‌షేక్ ఎంత పొడవుండాలి, రెండిటి మధ్య గ్యాప్ ఎంత, కిస్‌ఆఫ్ ఎంతసేపు అన్నవన్నీ ప్రొఫైల్‌లో సెట్ చేసే విలువలు కావడానికి కారణం ఇదే.

ప్రొఫైల్‌లో అసలు యుద్ధం: ఎవరికి ముందు హలో చెప్పాలి

కాల్ చేసింది ఏ పానెల్‌ో కార్డ్‌కి ముందే తెలియదు కదా. అందుకని హలోలన్నీ వరసగా ఒక్కొక్కటే వినిపిస్తూ పోతుంది. ఒకటి చెప్పి, కాసేపు ఆగి, జవాబు రాకపోతే తర్వాతిది. ఆ వరస ఏంటో ప్రొఫైల్‌లో రాసేది మనమే. ‘అన్నీ పెట్టేస్తే సరిపోతుంది కదా’ అనిపిస్తుంది. సరిపోదు. లెక్క వేద్దాం.

ఒక్కో హ్యాండ్‌షేక్‌కి సుమారు 1 సెకను, తర్వాత జవాబు కోసం 4 సెకన్లు ఆగుతుంది అనుకుందాం. మొత్తం 5 సెకన్లు. నార్త్ అమెరికాలో రింగ్ 2 సెకన్లు మోగి 4 సెకన్లు ఆగుతుంది. రెండో రింగ్‌కి ఎత్తారంటే దాదాపు 8 సెకన్లు అయిపోయినట్టే. ఎత్తాక లైన్ కుదురుకోవడానికి ఇంకో 2 సెకన్లు వేసుకోండి. అంటే మొదటి హలో 10వ సెకనుకి, నాలుగోది 25వ సెకనుకి, ఏడోది 40వ సెకనుకి.

ఇప్పుడు అవతలి వైపు చూడండి. డీఎస్‌సీ పవర్‌సిరీస్ పానెళ్లలో డయల్ చేశాక హ్యాండ్‌షేక్ కోసం ఎదురుచూసే టైమ్ డీఫాల్ట్‌గా 40 సెకన్లు. దాని భాష మీ లిస్ట్‌లో ఏడో స్థానంలో ఉంటే, రిసీవర్ నోరు తెరిచేసరికి పానెల్ ఫోన్ పెట్టేసి ఉంటుంది. నెట్‌వర్క్ కాల్ కలపడానికి పట్టే సెకన్లు నేను ఇంకా కలపనే లేదు. మళ్లీ డయల్, మళ్లీ అదే కథ. ఇందులో ఏ బాక్సూ చెడిపోలేదు, ఏ వైరూ తెగలేదు. రెండూ స్పెక్ ప్రకారమే పనిచేస్తున్నాయి, అయినా ఎప్పటికీ మాట్లాడుకోవు.

లిస్ట్ పొడవైతే ఇంకో నష్టం కూడా ఉంది. కాల్ ఒక్కటి 20 సెకన్లలో ముగిస్తే ఒక లైన్ గంటకి 180 కాల్స్ తీసుకుంటుంది. అదే 40 సెకన్లయితే 90. మామూలు రోజు పర్లేదు. తుఫాను వచ్చి ఊరంతా కరెంట్ పోయిన రాత్రి, ఇంటింటి పానెల్ ‘కరెంట్ పోయింది’ అని 301 కోడ్ పంపడం మొదలుపెడితే అప్పుడు తెలుస్తుంది. ఆ రద్దీలోనే ఎక్కడో నిజమైన ఫైర్ కాల్‌కి బిజీ టోన్ వస్తుంది. అందుకే కరెంట్ పోయిన కబురు వెంటనే చెప్పకుండా కొంతసేపు ఆగేలా పానెళ్లలో ఆప్షన్ ఉంటుంది. రిసీవర్ వైపు మనం చేయగలిగింది కాల్‌ని పొట్టిగా ఉంచడం.

కాబట్టి నా లెక్క ప్రకారం మంచి ప్రొఫైల్ అంటే పొట్టి ప్రొఫైల్. కొత్త పానెళ్లు కాల్ చేసే నంబర్‌కి కాంటాక్ట్ ఐడీ, ఎస్‌ఐఏ, ఈ రెండూ పైన. పాత పల్స్ పానెళ్లున్న కస్టమర్లకు వేరే నంబర్ ఇచ్చి, దానికి వేరే ప్రొఫైల్, అందులో పల్స్ హ్యాండ్‌షేక్‌లు పైన. ఒకే లిస్ట్‌తో అందరినీ సంతోషపెట్టే ప్రయత్నం చేస్తే లిస్ట్ చివరన ఉన్నవాళ్లు బలవుతారు. వాళ్లు సాధారణంగా ఇరవై ఏళ్ల నాటి బాక్స్ మార్చడానికి డబ్బుల్లేని చిన్న షాపులవాళ్లే.

ఏ కాల్‌కి ఏ ప్రొఫైల్? కార్డ్‌కి ఎలా తెలుస్తుంది

దీనికి మూడు దారులు. మొదటిది తేలిక: ఫలానా లైన్‌కి ఫలానా ప్రొఫైల్ అని ఫిక్స్ చేసేయడం. కానీ లైన్లు ఖర్చు, అన్నిటికీ విడివిడిగా పెట్టలేం.

రెండోది, కాల్ చేసినవాడు ఏ నంబర్‌కి డయల్ చేశాడో చూడటం. దీన్ని డీఎన్‌ఐఎస్ అంటారు. టెలికాం కంపెనీ ఒకే లైన్ల గుంపు మీదికి వందల నంబర్లని మళ్లించి, కాల్ కలిపేటప్పుడు డయల్ చేసిన నంబర్‌లోని చివరి అంకెలు కార్డ్‌కి అందిస్తుంది. మన దగ్గర కాల్ సెంటర్‌లో పనిచేసినవాళ్లకి ఇది బాగా తెలుసు. ఏ బ్యాంక్ హెల్ప్‌లైన్‌కి కాల్ వచ్చిందో చూసి ఏజెంట్ స్క్రీన్ మీద ఆ బ్యాంక్ స్క్రిప్ట్ తెరుచుకునేది దీనివల్లే.

మూడోది కాలర్ ఐడీ, అంటే ఎవరు చేశారన్నది. ఇది వినడానికి బాగుంటుంది, కానీ ఇందులో ఒక గమ్మత్తైన ఖర్చు ఉంది. నార్త్ అమెరికా అనలాగ్ లైన్లలో కాలర్ ఐడీ డేటా మొదటి రింగ్‌కి, రెండో రింగ్‌కి మధ్యనున్న ఆ 4 సెకన్ల ఖాళీలో వస్తుంది. స్పీడ్ కోసం ‘మొదటి రింగ్‌కే ఎత్తు’ అని సెట్ చేస్తే ఆ డేటా రాకముందే లైన్ ఎత్తేసినట్టవుతుంది, కాలర్ ఐడీ పోతుంది. ఆగితే దాదాపు 6 సెకన్లు పోతాయి, అంటే ఒక హ్యాండ్‌షేక్ కంటే ఎక్కువే. నంబర్ దాచిన కాల్స్ అసలు గుర్తుపట్టవు. అందుకని ప్రొఫైల్ ఎంచుకోవడానికి డీఎన్‌ఐఎస్ వాడి, కాలర్ ఐడీని కేవలం రికార్డ్ కోసం ఉంచుకోవడమే నాకు మంచిదనిపిస్తుంది.

ఏ పద్ధతైనా సరే, ఏ రూల్‌కీ సరిపోని కాల్ కోసం ఒక డీఫాల్ట్ ప్రొఫైల్ తప్పక ఉండాలి, అది ఖాళీగా ఉండకూడదు. మన కోడ్‌లో స్విచ్ స్టేట్‌మెంట్‌కి డీఫాల్ట్ రాయకపోతే కంపైలర్ ఒక్కోసారి వార్నింగ్ అయినా ఇస్తుంది. ఇక్కడ వార్నింగ్ ఇచ్చేవాడు కూడా లేడు.

రాని కాల్ కంటే ప్రమాదం: తప్పుగా వచ్చిన కాల్

ఈ భాగం కాస్త జాగ్రత్తగా చదవండి. హ్యాండ్‌షేక్ కుదరక కాల్ ఫెయిలైతే పానెల్ ఊరుకోదు. అమెరికా ఫైర్ కోడ్ ఎన్‌ఎఫ్‌పీఏ 72 ప్రకారం ఫైర్ అలారం డయలర్ కనీసం 5 సార్లు, గరిష్ఠంగా 10 సార్లు ప్రయత్నించాలి. అప్పటికీ కుదరకపోతే అక్కడి కీప్యాడ్ మీద ట్రబుల్ బీప్ మొదలవుతుంది. ఎవరో ఒకరు విసుక్కుని టెక్నీషియన్‌ని పిలుస్తారు. అంటే ఫెయిలైన సంగతి బయటపడుతుంది.

కానీ కిస్‌ఆఫ్ వెళ్లిపోయి, మెసేజ్ తప్పు చోటికి చేరితే? పానెల్ దృష్టిలో అంతా సవ్యం. మళ్లీ ప్రయత్నించదు, బీప్ చేయదు.

ఇది ఎలా జరుగుతుందంటే, కాంటాక్ట్ ఐడీలో అకౌంట్ నంబర్ నాలుగంకెలే. అక్షరాలతో కలిపి కొంచెం పెంచినా, లక్షల కస్టమర్లకు ఎక్కడ సరిపోతుంది? ఒక మానిటరింగ్ కంపెనీ ఇంకో చిన్న కంపెనీని కొన్నప్పుడు రెండు చోట్లా 4321 ఉండటం మామూలే. అందుకే కార్డ్ మెసేజ్‌ని ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్‌కి పంపేటప్పుడు ముందు రిసీవర్ నంబర్, లైన్ నంబర్ తగిలిస్తుంది. డీఎన్‌ఐఎస్ వాడేచోట ప్రొఫైల్ ద్వారా ఒక వర్చువల్ రిసీవర్ నంబర్‌ో, అకౌంట్ ముందు అదనపు అంకెలో చేరుస్తారు. ఒక 4321 కేరాఫ్ ఒకటో నంబర్ రిసీవర్, ఇంకో 4321 కేరాఫ్ రెండో నంబర్ రిసీవర్. మన ఊళ్లో ఒకే పేరుతో ఇద్దరుంటే ఇంటిపేరు కలిపి పిలిచినట్టు.

ఇప్పుడు ఎవరైనా ఆ ప్రొఫైల్‌ని కాపీ చేసి, హ్యాండ్‌షేక్ వరస మార్చి, ఆ ఇంటిపేరు మార్చడం మర్చిపోతే ఏమవుతుంది? కాల్ అందుతుంది, చెక్‌సమ్ కుదురుతుంది, కిస్‌ఆఫ్ వెళ్తుంది, ఆపరేటర్ స్క్రీన్ మీద అలారం కూడా వస్తుంది. కానీ వేరే 4321 అడ్రస్‌తో. ఫైర్ ఇంజిన్ ఊరికి ఆ చివరన ఉన్న ఇంటికి బయలుదేరుతుంది.

పల్స్ ఫార్మాట్లయితే ఇంకా ఘోరం. త్రీ-వన్ అనే ఫార్మాట్‌లో మూడంకెల అకౌంట్, ఒకే ఒక్క అంకె అలారం కోడ్. ఆ ఒక్క అంకె ఒక ఇంట్లో దొంగతనం, ఇంకో షాపులో ఫైర్ అయి ఉండొచ్చు. ఏది ఏమిటన్నది సాఫ్ట్‌వేర్‌లో ఆ అకౌంట్ పేజీలో రాసి ఉంటుంది. అకౌంట్ తప్పితే అర్థమే మారిపోతుంది. పైగా కాంటాక్ట్ ఐడీ లాంటి చెక్‌సమ్ భద్రత ఉండదు, చాలాసార్లు అదే డేటా రెండుసార్లు పంపించి, రెండూ ఒకేలా ఉన్నాయా అని చూడటమే దిక్కు. టైమ్ ఆదా అవుతుందని ఆ రెండో రౌండ్ చెకింగ్ తీసేసే ఆప్షన్ కనిపిస్తే దాని జోలికి పోకండి.

ఇంటర్నెట్ ఫోన్ వచ్చాక మొదలైన తంటా

కస్టమర్ తన రాగి లైన్ తీసేసి కేబుల్ కంపెనీ ఫోన్‌కి మారతాడు. అలారం కంపెనీకి చెప్పడు, తనకీ తేడా తెలియదు, డయల్ టోన్ వస్తోంది కదా! కానీ ఇప్పుడు ఆ టోన్లు 20 మిల్లీసెకన్ల ప్యాకెట్లుగా ప్రయాణిస్తున్నాయి. కాంటాక్ట్ ఐడీ అంకె 50 మిల్లీసెకన్లే, అంటే రెండున్నర ప్యాకెట్లు. ఒక్కటి పోయినా అంకెలో సగానికి దగ్గరగా మాయం. వాట్సాప్ కాల్‌లో ఒక అక్షరం మింగేస్తే మనం ఊహించుకుంటాం, కార్డ్ ఊహించుకోదు. జీ.711 కోడెక్‌లో టోన్లు బాగానే వెళ్తాయి. 8 కిలోబిట్లకు కుదించే జీ.729 మనిషి గొంతు కోసం తయారైంది, టోన్లని నలిపేస్తుంది.

ప్రొఫైల్‌లో ఇన్‌పుట్ సెన్సిటివిటీ పెంచితే బాగుపడుతుందని చాలామంది మొదట దాన్నే తిప్పుతారు. నీరసంగా వచ్చే సిగ్నల్‌కి అది మందే. ముక్కలైపోయిన సిగ్నల్‌కి కాదు. సెన్సిటివిటీ పెంచితే లైన్‌లోని గరగర కూడా అంకెల్లా వినిపించే ప్రమాదం ఉంది. అలాంటి కస్టమర్‌కి పానెల్‌లో సెల్యులార్ లేదా ఐపీ మాడ్యూల్ వేయించడమే దారి.

మార్చాక ఎలా చూసుకోవాలి

సెట్టింగ్ సేవ్ చేయగానే కాల్స్ వస్తున్నాయి కదా అని లేచి వెళ్లిపోకూడదు. పానెళ్లు ‘నేను బాగానే ఉన్నాను’ అని టెస్ట్ కాల్ చేస్తాయి, కాంటాక్ట్ ఐడీలో అది 602. ఫైర్ డయలర్లకి ఎన్‌ఎఫ్‌పీఏ 72 2013 ఎడిషన్ నుంచి ఇది 6 గంటలకోసారి, అంతకుముందు 24 గంటలకోసారి. ఇళ్ల దొంగ అలారాలకైతే వారానికో నెలకో పెట్టినవి కూడా ఉంటాయి. అంటే ఇవాళ ఒక హ్యాండ్‌షేక్ లిస్ట్‌లోంచి తీసేస్తే, దాని మీద ఆధారపడ్డ పానెల్ మూగబోయిందని టెస్ట్ కాల్ రానప్పుడు, అంటే నెల తర్వాత తెలియొచ్చు.

కాబట్టి పద్ధతిగా చేసేవాళ్లు మొదట ఒక్క కార్డ్ మీదే మారుస్తారు. టేబుల్ మీద రెండు మూడు పాత పానెళ్లు పెట్టుకుని ప్రతి ఫార్మాట్‌లో, ప్రతి డీఎన్‌ఐఎస్ నంబర్‌కి కాల్ చేయించి చూస్తారు. స్క్రీన్ మీద అలారం వచ్చిందా అనే కాదు, రిసీవర్ పంపిన రా డేటాలో రిసీవర్ నంబర్, లైన్ నంబర్, అకౌంట్ మూడూ అనుకున్నవేనా అని చదువుతారు. తర్వాత పాత లాగ్ తీసి, గత నెలలో కాల్ చేసి ఈ నెలలో చేయని అకౌంట్లు ఏవో వెతుకుతారు. ఇదొక చిన్న పైథాన్ స్క్రిప్ట్ పని, రెండు సెట్ల మధ్య తేడా అంతే. కానీ ఆ లిస్ట్‌లో ఉన్న ప్రతి అకౌంట్‌కి మనిషే ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఇదంతా పాత టెక్నాలజీ కదా, ఇంకెన్నాళ్లు అంటారేమో. బ్రిటన్‌లో పాత ఫోన్ నెట్‌వర్క్‌ని 2025 డిసెంబర్‌కి ఆపేయాలనుకుని, 2027 జనవరి 31కి వాయిదా వేశారు. కారణాల్లో పెద్దది, ఒంటరిగా ఉండే వృద్ధులు మెడలో వేసుకునే ఎమర్జెన్సీ బటన్లు. వాటి వెనకున్న బాక్సులు కూడా ఇలాగే టోన్లతో రిసీవర్‌కి కాల్ చేస్తాయి. డిజిటల్ లైన్‌కి మార్చాక కొందరి బటన్లు పనిచేయలేదని బయటపడటంతో, 2023 డిసెంబర్‌లో అక్కడి ప్రభుత్వం టెలికాం కంపెనీలతో ఒక చార్టర్ మీద సంతకాలు చేయించింది. ఆ బటన్ కొత్త లైన్ మీద నిజంగా పనిచేస్తోందని చూసుకోకుండా ఎవరినీ బలవంతంగా మార్చకూడదని అందులో ఒప్పుకున్నారు.